పచ్చబొట్టు పొడిచిన సూది ఏది?



ఈ నెల పాఠం మన ఒంటి మీద కనిపించే ఒక గుర్తును గురించి. ఉదయం పూట మన ఓపీ బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్ల చేతులు చూడండి. డెబ్బై ఏళ్లు దాటిన అవ్వల ముంజేతుల మీద పచ్చని చుక్కలు, ముగ్గులు, తేళ్లు, పేర్లు కనిపిస్తాయి. వాళ్ల కూతుళ్లు, కోడళ్ల చేతులు చాలావరకు ఖాళీగా ఉంటాయి. బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ సెలవుకు వచ్చిన మనవరాలి మణికట్టు మీద మళ్లీ ఒక సీతాకోకచిలుకో, అమ్మ పేరో ఉంటుంది.

ఒకే ఇంట్లో మూడు తరాలు, ఒకే గుర్తును గురించి మూడు రకాల మాటలు. అవ్వ కాలంలో పచ్చబొట్టు లేకపోతే లోటు. అమ్మ కాలంలో ఉంటే మోటు. ఇప్పుడు మనవరాలి చేతి మీద ఉంటే “ఎటువంటి పిల్లో” అని అనుమానం. ఈ మాటల మధ్యలో ఆరోగ్యానికి అవసరమైన ఒక ప్రశ్నను అడిగేవారు లేకుండా పోతున్నారు. ఆ పచ్చబొట్టును ఏ సూదితో పొడిచారు? ఈ పాఠమంతా ఆ ప్రశ్న కోసమే.

అవ్వల కాలంలో

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పచ్చబొట్లు పొడిచిన వారిలో ఎరుకల స్త్రీలు ముఖ్యులు. బుట్ట చంకన పెట్టుకొని, ఎరుక చెబుతూ, ఊరూరా తిరిగేవారు. జాతరలలో, సంతలలో చెట్టు కింద కూర్చుని పొడిచేవారు. దీపం మసిని ఆకు పసరుతోనో, చంటిబిడ్డ తల్లి పాలతోనో కలిపి, సూదులను కట్టగా కట్టి, చర్మంలోకి గుచ్చి, పైన పసుపు అద్దేవారు. కూలిగా బియ్యమో, రాగులో, పాత చీరో ముట్టేది. సుగాలి తాండాలలోని పెద్ద ఆడవారికి కూడా పచ్చబొట్లు ఉంటాయి. ఆదిలాబాదు వైపు గోండు స్త్రీలకు తోటి కులపు స్త్రీలు పొడిచేవారు. ఇది ఆడవాళ్లు ఆడవాళ్లకు చేసిన పని, చేతిలో ఉన్న విద్య.

కుప్పంలో మూడు భాషలు కలుస్తాయి. తెలుగులో పచ్చబొట్టు అంటాము, తమిళంలో పచ్చై అంటారు, కన్నడంలో హచ్చె అంటారు. మసి నల్లనిదే కదా, బొట్టు పచ్చగా ఎందుకు కనబడుతుంది? నల్లని రంగు చర్మం అడుగున ఉన్నప్పుడు, పైన ఉన్న చర్మం గుండా వచ్చే వెలుగు చెదిరి, మన కంటికి నీలంగానో పచ్చగానో కనిపిస్తుంది. చేతి మీద నరాలు నీలంగా కనబడడానికీ ఇటువంటి కారణమే ఉన్నది.

“సొమ్ములు దొంగలు ఎత్తుకుపోతారు, చచ్చేటప్పుడు కూడా వచ్చేది పచ్చబొట్టే” అని అవ్వలు చెప్పేవారు. నగ కొనలేని ఇంట్లో అదే నగ. భర్త పేరు నోటితో పలకని ఆ రోజులలో ఆ పేరు చేతి మీద ఉండేది. అన్నదమ్ముల పేర్లు, చనిపోయిన బిడ్డ పేరు పొడిపించుకున్నవారూ ఉన్నారు. ఆసుపత్రి పనిలోనూ ఈ గుర్తులకు స్థానమున్నది. గాయాల సర్టిఫికెట్టులో మనిషిని గుర్తుపట్టే మచ్చలు రాసేచోట ఈనాటికీ పచ్చబొట్టును రాస్తాము. స్పృహ లేకుండా వచ్చిన మనిషి ఎవరో తెలియడానికి ఒక్కోసారి అదే ఆధారం.

మాటలు ఎలా మారాయి

బడులు వచ్చాయి, ఆడపిల్లలు చదువుకున్నారు, పట్నంలో కాపురాలు పెట్టారు. పచ్చబొట్టు పల్లెటూరి గుర్తు, కూలి గుర్తు, కులం గుర్తు అని ఎంచడం మొదలైంది. బస్సులోనో, బ్యాంకులోనో ఎవరైనా చూస్తారని కొంగు చేతి మీదికి లాక్కున్న తల్లులు ఎందరో. పొడిచే స్త్రీలకూ ఆ చిన్నచూపు తప్పలేదు. బ్రిటిషు ప్రభుత్వం ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులని చట్టంలో రాసింది. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం పోయినా, చూసే చూపు వెంటనే మారలేదు.

అదే గుర్తు మరొక దారిన తిరిగి వచ్చింది. 1891లో న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ అనే ఆయన కరెంటుతో నడిచే పచ్చబొట్టు మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ దేశాలలో చాలాకాలం అది ఓడ పనివారి గుర్తు, సిపాయిల గుర్తు. ఇప్పుడు అట్లా లేదు. అమెరికాలో ప్యూ సంస్థ 2023లో జరిపిన సర్వేలో పెద్దవారిలో నూటికి 32 మందికి పచ్చబొట్టు ఉన్నదని తేలింది. మగవారిలో నూటికి 27 మందికి ఉంటే, ఆడవారిలో 38 మందికి ఉన్నది. సినిమాల ద్వారా, క్రికెట్ ఆటగాళ్ల చేతుల ద్వారా ఆ మోజు మన ఊళ్లకూ వచ్చింది. కుప్పం నుండి రైలెక్కి, మదనపల్లె నుండి బస్సెక్కి బెంగుళూరికి పనికి పోయే మన పిల్లలు టాటూ అనే కొత్త పేరుతో దాన్ని ఇంటికి తెస్తున్నారు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. కొడుకు చేయి నిండా టాటూ వేయించుకొని వస్తే ఇంట్లో రెండు రోజులు కోప్పడి ఊరుకుంటారు. కూతురు వేలెడంత బొమ్మ వేయించుకుంటే పెళ్లి సంబంధం వరకు పోతుంది మాట. చర్మం ఇద్దరిదీ ఒకటే, సూది ఒకటే, రోగభయం ఒకటే. నడవడిక లెక్క మాత్రం ఆడపిల్లకే ఎందుకు కడుతున్నాము?

ఒంటి మీది గుర్తుతో ఆడదాని గుణం తేల్చాలనే బుద్ధి ఎంతవరకు పోగలదో మన దేశంలోనే జరిగిన ఒక సంగతి చెబుతుంది. 1993లో పంజాబులోని అమృత్‌సర్‌లో పోలీసులు నలుగురు స్త్రీల నుదుటి మీద జేబుదొంగ అని అర్థం వచ్చే మాటను బలవంతంగా పచ్చబొట్టు పొడిపించారు. వాళ్లు ఆ నుదుళ్లతోనే బతకవలసి వచ్చింది. ఆ కేసులో పోలీసులకు శిక్ష పడింది 2016లో, అంటే 23 ఏళ్ల తర్వాత. గుర్తు వేసింది పరులు, సిగ్గు మోసింది ఆ స్త్రీలు.

మన సంఘాలలో అడిగే ప్రశ్న

లేవీయకాండము 19:28 చూపించి, పచ్చబొట్టు ఉన్నవారి సంగతి ఏమిటని కొందరు అడుగుతారు. వాక్య వివరణ మీ పాస్టరుగారు చెప్పవలసినది. నర్సుగా నాకు తెలిసిన రెండు సంగతులు చెబుతాను. ఆ వచనం చనిపోయినవారి కోసం ఒళ్లు కోసుకునే ఆచారంతో కలిపి చెప్పబడింది. ఐగుప్తులోని కాప్టిక్ క్రైస్తవులు తరతరాలుగా మణికట్టు మీద సిలువను పచ్చబొట్టుగా వేయించుకుంటున్నారు. కాబట్టి సంఘాలన్నీ దీన్ని ఒకే విధంగా చూడలేదు.

మన సంఘాలలోని అవ్వలలో కొందరికి చిన్ననాటి పచ్చబొట్లు ఉన్నాయి. ఏడేళ్లకో, పదేళ్లకో వాళ్లమ్మ చేయి పట్టుకొని కూర్చోబెట్టి పొడిపించినవి. వాటిలో దేవతల బొమ్మలు, పాత పేర్లు ఉండవచ్చు. దాని కోసం ఆ తల్లులు ప్రభు భోజనపు బల్ల దగ్గర చేయి దాచుకోవలసిన పనిలేదు. వార్డులో బీపీ చూడడానికి చేయి చాపమంటే వెనుకాడవలసిన పని అంతకంటే లేదు. సిగ్గుపడి ఆసుపత్రికి రావడం ఆలస్యం చేస్తే నష్టపోయేది ప్రాణం.

చర్మంలో ఏమి జరుగుతుంది

మన పైచర్మం సుమారు నెలకొకసారి కొత్తదవుతుంది. రంగు అక్కడే ఉంటే నెలలో రాలిపోయేది. పచ్చబొట్టు సూది ఇంకా లోపలికి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు పోతుంది. ఒంటికి కాపలా కాసే కణాలు ఆ రంగును పరాయి వస్తువుగా ఎంచి మింగుతాయి, కాని అరిగించుకోలేవు. ఒక కణం చనిపోతే అది విడిచిన రంగును పక్క కణం పట్టుకుంటుందని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 2018లో ఎలుకలలో చూపించారు. అందుకే అవ్వ చేతి మీది చుక్క అరవై ఏళ్లయినా చెరగదు.

దీని అర్థం ఏమిటంటే, పచ్చబొట్టు సూది ప్రతి పోటులోనూ రక్తనాళాలు ఉన్న చోటికి పోతుంది. ఒకరి రక్తం అంటిన సూది, లేక అదే గిన్నెలోని రంగు, రెండో మనిషికి వాడితే మొదటి మనిషి జబ్బు రెండో మనిషికి అంటవచ్చు.

సూదితో వచ్చే జబ్బులు

1. హెపటైటిస్ బి. కాలేయానికి వచ్చే జబ్బు. ఈ వైరసు ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. సూదిని గుడ్డతో తుడిచినంత మాత్రాన, నీళ్లలో ముంచినంత మాత్రాన అది చావదు.

2. హెపటైటిస్ సి. దీనికి టీకా లేదు. అయితే మందులున్నాయి. సాధారణంగా 12 వారాలు మాత్రలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. 2018 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం.

3. హెచ్.ఐ.వి. ఒంటి బయట ఇది త్వరగా బలహీనపడుతుంది. అయినా ఒకరి తర్వాత ఒకరికి వెంటవెంటనే అదే సూది వాడితే భయం ఉన్నది.

4. చీము, జ్వరం, ధనుర్వాతం. పొడిచిన చోట శుభ్రత లేకపోతే వస్తాయి.

5. కుష్టు. మధ్య భారతదేశంలో పచ్చబొట్టు పొడిచిన చోటనే కుష్టు మచ్చలు వచ్చిన 31 మందిని గురించి ఒక చర్మవైద్యుడు 2002లో రాశారు. పాత పచ్చబొట్టు మీదగాని, దాని పక్కనగాని స్పర్శ లేని మచ్చ కనబడితే చూపించుకోండి. మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

6. దద్దుర్లు, గడ్డకట్టిన మచ్చలు. కొందరికి రంగు పడదు, ముఖ్యంగా ఎరుపు. చెవి కుట్టించుకున్న చోట గడ్డ లేచినవారికి పచ్చబొట్టు పొడిచిన చోట కూడా అట్లాగే లేవవచ్చు. రంగులలోని కొన్ని రసాయనాల భయంతో ఐరోపా దేశాల సమాఖ్య 2022 జనవరి నుండి వాటి మీద ఆంక్షలు పెట్టింది.

హెపటైటిస్ సోకినవారిలో చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరికి నెల నుండి ఆరు నెలల లోపల ఆకలి మందగించడం, వాంతులు, కళ్లు పచ్చబడడం కనిపిస్తాయి. అప్పుడు పసరు మందు కోసం ఊళ్లు తిరిగి, వాతలు పెట్టించుకొని రోజులు పోగొట్టుకోవద్దు. రక్తపరీక్షకు రండి.

తల్లి కాబోయేవారికి

పచ్చబొట్టు సంగతి మేము ఆడవారితో ప్రత్యేకంగా మాట్లాడడానికి ఒక కారణమున్నది. పెద్దవయసులో హెపటైటిస్ బి సోకినవారిలో నూటికి 95 మంది దాన్ని వదిలించుకోగలరు. కాని కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకితే, నూటికి 90 మంది బిడ్డలకు అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక కాలేయం గట్టిపడడానికి, క్యాన్సరుకు అది దారి తీస్తుంది. బిడ్డ పుట్టిన 24 గంటల లోపల మొదటి టీకా వేస్తే చాలావరకు కాపాడవచ్చు.

కాబట్టి గర్భిణీ స్త్రీని “ఎప్పుడైనా పచ్చబొట్టు వేయించుకున్నావా అమ్మా?” అని సిస్టరు అడిగితే అది ఆమె నడవడికను గురించిన ప్రశ్న కాదు. బిడ్డ కోసం అడిగే ప్రశ్న. అత్తగారు పక్కన ఉన్నారని దాచవద్దు. కావాలంటే ఒంటరిగా మాట్లాడతామని చెప్పండి, సిస్టర్లు ఏర్పాటు చేస్తారు.

వేయించుకోవాలనుకుంటే

వేయించుకోండి అనడం లేదు, వద్దని శాసించడమూ లేదు. వేయించుకునేవారు ఈ సంగతులు చూసుకోవాలి.

- ముందుగా హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి చేయండి. మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.
- మీ ఎదుటనే కొత్త సూది ప్యాకెట్టు చింపాలి. రంగును చిన్న కొత్త మూతలలో పోయాలి, మిగిలింది పారబోయాలి. కొత్త గ్లవ్సు తొడగాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా లేచి వచ్చేయండి. డబ్బు ఇచ్చామే అని మొహమాట పడవద్దు.
- జాతరలో, తిరునాళ్లలో ఒకే మిషనుతో వరుసగా అందరికీ వేసేచోట కూర్చోవద్దు. పుంగనూరు, కుప్పం గంగమ్మ జాతరలకు పోయే పిల్లలకు పెద్దలు ముందుగానే చెప్పి పంపాలి.
- 18 ఏళ్లు నిండనివారు, గర్భిణులు వద్దు. చక్కెర జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడగాలి.
- నల్ల గోరింటాకు టాటూకు బదులు క్షేమం అనుకోవద్దు. అసలైన గోరింటాకు ఎర్రగా పండుతుంది. గంటలో నల్లగా పండేదానిలో తలకు వేసే రంగు రసాయనం కలిపి ఉండవచ్చు. దానితో చర్మం బొబ్బలెక్కుతుంది.

ఇదివరకే వేయించుకొని, సూది మీద అనుమానం ఉన్నవారు మూడు నెలలు నిండాక ఒకసారి, ఆరు నెలలకు ఇంకొకసారి రక్తపరీక్ష చేయించుకోండి. వాడిన సూదే వాడారని ఆ రోజే తెలిస్తే ఆగవద్దు. వెంటనే రండి, 72 గంటలు దాటనివ్వవద్దు. జబ్బు రాకుండా ఇచ్చే మందులు ఆ గడువులోపలే పని చేస్తాయి.

ఉద్యోగానికి, రక్తదానానికి

పచ్చబొట్టు వేయించుకున్నాక 12 నెలల వరకు రక్తదానం చేయకూడదని మన దేశపు నియమం. కేంద్ర పోలీసు బలగాలలో చేరాలనుకునే ఆడపిల్లలు ఒకటి గమనించాలి. వారి ప్రకటనలలో పేరు, మతచిహ్నం వంటివే అంగీకరిస్తారు. అవి ఎడమ ముంజేతి లోపలి వైపునగాని, అరచేతి వెనుకగాని ఉండాలి. ఆ భాగంలో నాలుగో వంతు కంటే చిన్నవిగా ఉండాలి. సరదాకు కుడిచేతి మీద వేయించుకొని, తర్వాత ఉద్యోగం పోయిందని ఏడవడం కంటే ముందుగా చదువుకోవడం మేలు.

తీయించుకోవాలనుకుంటే

విడిచిపెట్టిన భర్త పేరు, చెడిన స్నేహం పేరు చేతి మీద ఉంటే రోజూ చూడడం కష్టమే. ఆ బాధలో సున్నం, యాసిడ్, జీడిగింజ రసం పూసుకోవడం, కాల్చుకోవడం చేయవద్దు. జీడిగింజ రసం చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది. రంగు అడుగుననే ఉంటుంది, పైన మచ్చ మిగులుతుంది. చర్మవైద్యుల వద్ద లేజరుతో తీసే పద్ధతి ఉన్నది. వారాల ఎడంతో చాలాసార్లు పోవాలి, ఖర్చు అవుతుంది, పూర్తిగా పోకపోవచ్చు కూడా. పేరు మీద వేరే బొమ్మ వేయించుకునేవారూ ఉన్నారు. అప్పుడు కూడా సూది సంగతి మరువవద్దు.

ఆసుపత్రిలో

పచ్చబొట్టు ఉన్నందువల్ల ఇంజెక్షను, ఆపరేషను, స్కానింగు ఆగవు. ఎమ్మారై తీసేటప్పుడు అరుదుగా కొందరికి ఆ చోట వేడిగా, మంటగా అనిపిస్తుంది. ముందుగా టెక్నీషియనుకు చెబితే చాలు. రంగు మీద ఎరుపు, వాపు కనబడవు కాబట్టి సూది వేయడానికి మేము ఖాళీ చోటు చూస్తాము.

గుర్తు చూసి భయపడని ఊరు మనది. 1950 ప్రాంతంలో ఆరోగ్యవరం వైద్యులు మదనపల్లె చుట్టుపక్కల పల్లెలలో క్షయకు బీసీజీ టీకా వేసి ఫలితాలు పరిశీలించారు. ఆ టీకా మచ్చ ఈనాడు దాదాపు ప్రతి బిడ్డ జబ్బ మీద ఉన్నది. దాన్ని చూసి ఎవరి గుణమూ లెక్కగట్టము. టీకా పడిందా లేదా అని మాత్రమే చూస్తాము. పచ్చబొట్టునూ ఆ చూపుతోనే చూద్దాము.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి

1. మన అవ్వ చేతి మీది పచ్చబొట్టు ఎవరు పొడిచారు, ఎందుకు? ఆమెనే అడిగి తెలుసుకోండి.
2. కొడుకుకు ఒక మాట, కూతురుకు ఒక మాట మన ఇంట్లో ఉన్నదా?
3. ఇంట్లో ఎవరెవరికి హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పడ్డాయి? కార్డులు తీసి చూడండి.
4. పిల్ల టాటూతో ఇంటికి వస్తే మన నోటి నుండి వచ్చే మొదటి ప్రశ్న ఏమిటి? “ఎవరు చూస్తారో తెలుసా” అన్నదా, “కొత్త సూది వాడారా తల్లీ” అన్నదా?

మొదటి ప్రశ్నకు పిల్ల తలుపు వేసుకుంటుంది. రెండో ప్రశ్నకు జవాబు చెబుతుంది, అవసరమైతే మీ వెంట పరీక్షకు వస్తుంది.

మీ అందరి ఆరోగ్యం కోరుతూ,
నర్సింగ్ సూపరింటెండెంట్